సీన్ నంబర్ మారినప్పుడల్లా ఎడిట్ రూమ్‌లో వెతుకులాట: స్క్రిప్టు నుంచి డెలివరీ దాకా ఒకే మెటాడేటా నడిపించగలమా?

పోస్ట్‌ప్రొడక్షన్_పద్మ
డైలీ సీరియల్‌కి పోస్ట్ ప్రొడక్షన్ పనులు చూస్తాను. మా బాధ ఇది. రైటర్ దగ్గర ఒక సీన్ ఎపిసోడ్ 212లో 14వ సీన్‌గా పుట్టింది. సెట్‌కి వెళ్లేసరికి రెండు ముక్కలైంది. క్లాప్ మీద మాత్రం రెండింటికీ 14 అనే రాశారు. నిడివి ఎక్కువైందని డైరెక్టర్ గారు రెండో ముక్కను 213కి జరిపారు, అక్కడ అది సీన్ 3. ఇప్పుడు సౌండ్ ఫైల్‌లో 14, ఎడిట్ బిన్‌లో (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్‌లు పెట్టుకునే ఫోల్డర్) 3, డబ్బింగ్ షీట్‌లో 14బి.

ఇక అసలు గొడవ. ఫ్లాష్‌బ్యాక్ కోసం అత్తగారు కోడలి చేతికి తాళాలు ఇచ్చే షాట్ అడిగారు. ప్రసారమైన కట్‌లో ఉన్నది క్లోజప్, వాళ్లకు కావాల్సింది అప్పుడు వాడకుండా వదిలేసిన వైడ్. అది ఏ డిస్క్‌లో ఉందో చెప్పేవాళ్లు లేరు. ఆ రోజు సెట్‌లో ఉన్న అసిస్టెంట్ వేరే ప్రాజెక్టుకి వెళ్లిపోయాడు.

స్క్రిప్టు, బ్రేక్‌డౌన్, షూటింగ్, సౌండ్, ఎడిట్, డబ్బింగ్, డెలివరీ అన్నిచోట్లా అవే వివరాలు, అంటే మెటాడేటా, మళ్లీ మళ్లీ టైప్ చేస్తున్నాం, చోటు మారినప్పుడల్లా కొంచెం తేడాతో. ఒక్కసారి నమోదు చేసింది చివరిదాకా వెళ్లే పద్ధతి ఎవరైనా నడుపుతున్నారా? ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్నది తర్వాత, ముందు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

టైమ్‌లైన్_శీను
సేమ్ టు సేమ్. "ఫైనల్", "ఫైనల్ న్యూ", "ఫైనల్ న్యూ ఓకే". ఇందులో ఏది నిజంగా ఫైనలో చూడగానే చెప్పినవాళ్లకి శాలువా కప్పాలి. ఫాలో అవుతున్నా.

కంటిన్యుటీ_కల్యాణి
పద్మ గారూ, మూలం ఒక్కటే. సీన్ నంబర్‌తో మనం రెండు పనులు చేయిస్తున్నాం. ఇది ఏ సీనో గుర్తుపట్టడం ఒకటి, ఎక్కడ వస్తుందో చెప్పడం ఇంకొకటి. మనిషి ఇల్లు మారితే డోర్ నంబర్ మారుతుంది, పేరు మారదు కదా. సీన్‌కి పేరే లేదు, డోర్ నంబర్ ఒక్కటే ఉంది. అందుకే జరిపిన ప్రతిసారీ తప్పిపోతోంది.

సినిమాల్లో, వారానికొకటి వచ్చే సిరీస్‌లలో దీనికి స్క్రిప్టు లాక్ చేస్తారు. లాక్ అయ్యాక మధ్యలో కొత్త సీన్ వస్తే 14ఏ అవుతుంది. ఏదైనా తీసేస్తే ఆ నంబర్ అలాగే ఉంచి పక్కన "ఓమిటెడ్" అని రాస్తారు, వెనకవాటిని ముందుకు జరపరు. సవరించిన పేజీలు తెలుపు, నీలం, పింక్, పసుపు, ఆకుపచ్చ అంటూ రంగు మారుతూ వస్తాయి. డైలీలో అది కుదరదు. షూటింగ్ రోజు పొద్దున్నే సీన్ పేపర్ చేతికొస్తుంటే లాక్ చేయడానికి స్క్రిప్టు ఎక్కడిది?

కాబట్టి సీన్ రాసిన క్షణంలోనే దానికి ఒక శాశ్వత ఐడీ ఇవ్వండి, ఎస్000417 లాగా. ఎపిసోడ్ మారనీ, నంబర్ మారనీ, ఐడీ కదలదు. సీన్ రెండు ముక్కలైతే రెండింటికీ కొత్త ఐడీలు ఇచ్చి, "దేని నుంచి వచ్చింది" అనే గడిలో పాత ఐడీ రాయాలి. ఒక ముక్కకి పాతదే ఉంచేస్తే మళ్లీ ఇదే గొడవ.

కోడైరెక్టర్_కోటి
కల్యాణి గారి మాట కాగితం మీద బాగుంది. సెట్‌లో ఎస్000417 అంటే ఎవరికి తెలుస్తుంది? ఎపిసోడ్, సీన్ కలిపి "ఈ212 సీన్14" అని పెడితే లైట్‌బాయ్‌కి కూడా అర్థమవుతుంది. నంబర్‌కి అర్థం ఉండాలి.

కంటిన్యుటీ_కల్యాణి
@కోడైరెక్టర్_కోటి అర్థం ఉండటమే ఇక్కడ సమస్య అండీ. సీన్ 213కి వెళ్లిన నిమిషం నుంచి "ఈ212" అన్నది తప్పు సమాచారం. అప్పుడు ఐడీ మారుస్తారా? మారిస్తే పాత ఐడీతో ఉన్న సౌండ్ ఫైల్, ఫొటోలు, రిపోర్టు అన్నీ అనాథలవుతాయి. మార్చకపోతే చూసినవాళ్లు 212లో వెతుకుతారు. ఏ అర్థమూ లేని నంబర్ అయితే మార్చాల్సిన అవసరమే రాదు.

కోడైరెక్టర్_కోటి
సరే, మరి క్లాప్ కుర్రాడు ప్రతి షాట్‌కీ ఆరంకెలు అరవాలా? సీరియల్‌లో ఒక రోజులో ఎన్ని సీన్లు లాగుతామో మీకూ తెలుసు.

బూమ్_బాలు
అరవక్కర్లేదు కోటి అన్నా. క్లాప్ మీద సీన్, షాట్, టేక్ ఎప్పటిలాగే పెద్దగా. ఐడీ కింద చిన్నగా. నోటితో చెప్పేది పాత పద్ధతే.

మిగతాది నా మిక్సర్ చూసుకుంటుంది. చాలామంది ఎడిటర్లకి తెలియని విషయం చెప్తాను. మేమిచ్చే వేవ్ ఫైల్ మామూలు వేవ్ కాదు, బ్రాడ్‌కాస్ట్ వేవ్. 1997లో యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ పెట్టిన ప్రమాణం. ఆ ఫైల్ రికార్డింగ్ ఎప్పుడు మొదలైందో లోపలే ఉంటుంది, అర్ధరాత్రి నుంచి లెక్కపెట్టిన శాంపిల్స్ రూపంలో (48 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకి 48,000 శాంపిల్స్). 48 కిలోహెర్ట్జ్‌లో సరిగ్గా ఉదయం 10 గంటలకు మొదలైతే అక్కడ 172,80,00,000 అని ఉంటుంది. దానితోపాటు ఐఎక్స్‌ఎంఎల్ అనే భాగంలో ప్రాజెక్టు, సీన్, టేక్, రోల్, నోట్, ఏ ట్రాక్‌లో ఎవరి మైకు, ఈ టేక్ ఓకేనా కాదా, ఇవన్నీ నేను అక్కడికక్కడే నింపుతాను. "ట్రాక్ 3లో అత్త లేపల్ మైకు, చీర రాపిడి" అని కూడా రాస్తాను.

ఎడిట్‌కి వెళ్లాక ఎవరో అన్నీ వేరే ఫార్మాట్‌లోకి మార్చి "ఆడియో 1, ఆడియో 2" అని పేరు పెడతారు. మార్చే సాఫ్ట్‌వేర్ ఆ భాగాన్ని పట్టించుకోకపోతే నేను రాసిందంతా గల్లంతు. దయచేసి ఒరిజినల్ ఫైల్‌నే బిన్‌లోకి తీసుకోండి.

టైమ్‌లైన్_శీను
బాలు అన్నా, ఆ కాలమ్ ఆన్ చేసి చూశాను. నోట్స్ అన్నీ ఉన్నాయి! ఇన్నాళ్లూ కాగితం రిపోర్టు ఫొటో తీసి పంపమని అడుగుతున్నాం కదా మిమ్మల్ని.

బూమ్_బాలు
అడిగారు, పంపాను కూడా 😀

డీఐటీ_దాసు
కెమెరా వైపు సంగతి. మెటాడేటా రెండు రకాలు. యంత్రం దానంతటదే రాసేది ఒకటి: ఫ్రేమ్ రేటు, ఐఎస్‌ఓ, వైట్ బ్యాలెన్స్, షట్టర్, టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేమ్‌కీ గంట, నిమిషం, సెకను, ఫ్రేమ్ అంకెలు), సపోర్టు ఉంటే లెన్స్ ఫోకస్ దూరం కూడా. మనిషి చెబితే తప్ప పుట్టనిది రెండోది: సీన్, టేక్, డైరెక్టర్‌కి నచ్చిందా లేదా. మొదటిది ఉచితంగా వస్తుంది కాబట్టి పోగొట్టకుండా ఉంటే చాలు. శ్రమంతా రెండోదానికే పెట్టాలి.

పోగొట్టకుండా ఉండాలంటే క్లిప్ పేరు మార్చకూడదు. ప్రొఫెషనల్ కెమెరాలు ఏ003సి012 లాంటి పేరు పెడతాయి, 'ఏ' అనే కెమెరా, 3వ రోల్ (అంటే మూడో కార్డు), 12వ క్లిప్ అని. పాత సీఎంఎక్స్ 3600 ఈడీఎల్‌లో (ఏ క్లిప్ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వాడామో చెప్పే కట్ జాబితా) రీల్ పేరుకి, అంటే రోల్ పేరుకి, ఎనిమిది అక్షరాలే చోటు. రోమన్‌లో రాస్తే ఈ పేరు సరిగ్గా ఎనిమిదే. దాన్ని తీసి "తాళాల సీన్ వైడ్" అని మార్చారనుకోండి, ఆన్‌లైన్‌లో, అంటే ఫైనల్ ఎడిట్‌లో, ఒరిజినల్ ఫైళ్లకి రీలింక్ చేసేటప్పుడు ఏడుపే. వర్ణన పెట్టాలంటే వర్ణన కాలమ్ ఉంది, అక్కడ హాయిగా తెలుగులో రాసుకోండి. ఫైల్ పేర్లలో, ఐడీల్లో మాత్రం రోమన్ అక్షరాలు, అంకెలే. పాత టూల్స్ కొన్ని తెలుగు అక్షరాలు చూస్తే తికమకపడతాయి.

కాపీ చేసేటప్పుడు ప్రతి ఫైల్‌కీ హాష్ (ఫైల్‌లో ఏం మారినా మారిపోయే వేలిముద్ర లాంటి నంబర్) లెక్కించి, ఆ హాష్‌లన్నీ ఉండే ఎంహెచ్‌ఎల్ జాబితా చేసుకోండి. ఏడాది తర్వాత డిస్క్ తెరిస్తే ఏ ఫైల్ చెడింది, ఏది తప్పిపోయిందన్నది ఊహించక్కర్లేదు.

ఫ్రెషర్_ఫణి
డౌట్ ఒకటి. టైమ్‌కోడ్ ఉంటే ఐడీ ఎందుకు? ప్రతి ఫ్రేమ్‌కీ నంబర్ ఉన్నట్టే కదా?

డీఐటీ_దాసు
@ఫ్రెషర్_ఫణి మంచి ప్రశ్న తమ్ముడూ. టైమ్ ఆఫ్ డే పద్ధతిలో నడిపితే ఈరోజు 10:15:00:00 వస్తుంది, రేపూ వస్తుంది. రెండు కెమెరాలుంటే ఒకే రోజు రెండుసార్లు. అందుకే టైమ్‌కోడ్‌కి తేదీ, రోల్ పేరు తోడుండాలి. పైగా టైమ్‌కోడ్ "ఎప్పుడు" అన్నదే చెప్తుంది, "ఏ సీన్" అన్నది చెప్పదు.

బూమ్_బాలు
ఇంకోటి. కెమెరా, రికార్డర్ గడియారాలు పొద్దున కలిపి వదిలేస్తే సాయంత్రానికి కొన్ని ఫ్రేమ్‌లు జారతాయి. లంచ్ తర్వాత మళ్లీ జామ్ చేయండి, అంటే రెండు గడియారాలూ కలపండి, లేదంటే వాటిని కలిపి ఉంచే టైమ్‌కోడ్ డబ్బా పెట్టండి.

కోడైరెక్టర్_కోటి
బయటి డెలివరీల గురించి ఒక హెచ్చరిక. సెకనుకి 29.97 ఫ్రేమ్‌లు అడిగేవాళ్లతో డ్రాప్ ఫ్రేమా (గడియారంతో సరిపోయేలా కొన్ని ఫ్రేమ్ నంబర్లు దాటేసేది), నాన్ డ్రాపా (ఏదీ దాటేయనిది) ముందే రాయించుకోండి. తేడా గంటకి 108 ఫ్రేమ్ నంబర్లు, అంటే 3.6 సెకన్లు. సబ్‌టైటిళ్లన్నీ మెల్లగా పక్కకి వెళ్లిపోతుంటాయి.

నడిరేయి_రైటర్
సౌండ్, కెమెరా, ఎడిట్ అందరూ మాట్లాడారు, ఇక నా వైపు. సీన్ రాసిన క్షణంలో ఐడీ అంటున్నారు, అంటే ఆ బరువు నా మీద పడుతోంది. రాత్రి రెండింటికి డైలాగ్ కుదరక కొట్టుకుంటుంటే లొకేషన్ డ్రాప్‌డౌన్, క్యారెక్టర్ డ్రాప్‌డౌన్ నింపమంటే రాయలేను. రాత వేరు, ఫారం నింపడం వేరు. ముందే చెప్తున్నా, రైటర్లెవరూ ఒప్పుకోరు.

ఫ్రెషర్_ఫణి
సార్, మీరు ఇప్పటికే నింపుతున్నారు. "ఇంటీరియర్, హాలు, రాత్రి" అని హెడింగ్ రాస్తారు కదా, అది మూడు గడుల ఫారమే. దాన్ని యంత్రం చదివేలా రాస్తే చాలు.

2012 నుంచి ఫౌంటెన్ అనే పద్ధతి ఉంది. మామూలు టెక్స్ట్ ఫైల్, ఏ నోట్‌ప్యాడ్‌లోనైనా రాయొచ్చు. ఇంగ్లీషులో రాసేవాళ్లకి పెద్దక్షరాలను బట్టి పాత్ర పేరేదో అది కనిపెడుతుంది. మన లిపిలో పెద్దక్షరాలు లేవు కాబట్టి పాత్ర పేరు ముందు @ పెట్టాలి. తెలుగు హెడింగ్ ముందు ఒక చుక్క పెడితే అది సీన్ హెడింగ్ అయిపోతుంది. హెడింగ్ చివర #14# అంటే సీన్ నంబర్. జంట చదరపు బ్రాకెట్లలో ఏం రాసినా నోట్ కింద ఉండిపోతుంది, ప్రింట్‌లో తీసేయొచ్చు. ఐడీ అక్కడ పెట్టొచ్చు, అదీ మీరు కాదు, ఫైల్ సేవ్ చేసినప్పుడు చిన్న స్క్రిప్టు పెడుతుంది. ఫైనల్ డ్రాఫ్ట్ అనే స్క్రిప్టు సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి అక్కర్లేదు, ఆ ఎఫ్‌డీఎక్స్ ఫైల్ లోపల ఉన్నది యంత్రం చదవగలిగే ఎక్స్‌ఎంఎల్లే.

నడిరేయి_రైటర్
ఒక చుక్క, ఒక @. అంతేనా? అంతే అయితే పేచీ లేదు. కానీ దీనివల్ల మీ అందరికీ లాభం, నాకేంటి?

కంటిన్యుటీ_కల్యాణి
మీకే ఎక్కువ లాభం. ఏ రహస్యం ఎవరికి ఏ సీన్‌లో తెలిసిందో మీరు ఎలా గుర్తుపెట్టుకుంటున్నారు?

నడిరేయి_రైటర్
ఇది మాత్రం గుండెకి తగిలింది. నేను ఒక సీరియల్‌లోకి మధ్యలో చేరాను. పాత రైటర్ వెళ్లిపోయారు, వందల ఎపిసోడ్లు మిగిలాయి. బిడ్డ ఎవరి బిడ్డో పెద్దన్నకి తెలుసా తెలియదా అన్న ఒక్క ప్రశ్నకి యూనిట్‌లో ముగ్గురిని అడిగితే మూడు జవాబులు. డైరెక్టర్ గారు "తెలియదు" అన్నారు, ఆర్టిస్టు మాత్రం "తలుపు చాటున విన్నట్టు నటించాను సార్, గుర్తుంది" అన్నారు. వెతికితే ఆర్టిస్టు చెప్పిందే నిజం. తెలియనట్టు నేను రాసిన సీన్ షూటింగ్‌కి పోకముందే పట్టుకోగలిగాం కాబట్టి సరిపోయింది. ప్రేక్షకులు అయితే వదలరు.

సీన్‌కి "ఎవరికి ఏం తెలిసింది" అని ఒక గడి ఉంటే నేనే నింపుతాను. అడగక్కర్లేదు.

గ్రంథాలయ_గీత
రైటర్ గారూ, మీరు అడుగుతున్నదాని మీద ముందే పని జరిగింది. 2010లో బీబీసీ పరిశోధన విభాగం మిథాలజీ ఇంజిన్ అని ఒక నమూనా చేసింది. కథలోని పాత్రలు, సంఘటనలు, వాటి మధ్య సంబంధాలను ఎపిసోడ్లకి ముడిపెట్టి చూపించే ప్రయత్నం అది. కథ కూడా డేటాయే, ఫుటేజ్ ఒక్కటే కాదు.

నేను ఆర్కైవ్‌లో పనిచేస్తాను, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను. మనం తెలియకుండానే కథనీ షూటింగ్‌నీ కలిపేస్తున్నాం. కథలో ఉన్నది పాత్ర, సెట్‌లో ఉన్నది నటుడు. కథలో ఉన్నది ఆసుపత్రి, షూటింగ్ జరిగింది హాలు సెట్‌లో కర్టెన్లు మార్చి. వీటికి వేరువేరు రికార్డులుండాలి, మధ్యలో లింకు ఉండాలి. హాలీవుడ్ స్టూడియోల ఉమ్మడి సంస్థ మూవీల్యాబ్స్ 2021లో విడుదల చేసిన ఆంటాలజీ ఫర్ మీడియా క్రియేషన్‌లో (నిర్మాణంలో వాడే పదాలకి ఉమ్మడి నిర్వచనాలు) ఈ విభజన స్పష్టంగా ఉంది. కథలోని చోటు వేరు, చిత్రీకరణ చోటు వేరు.

మన సీరియళ్లకి ఇది వాళ్లకంటే ఎక్కువ అవసరం. మధ్యలో ఆర్టిస్టు మారిపోతారు. "ఈ పాత్ర" అని వెతికితే పాతవారివీ కొత్తవారివీ అన్నీ రావాలి, "ఈ ఆర్టిస్టు" అని వెతికితే వారివి మాత్రమే రావాలి. ద్విపాత్రాభినయం అయితే తిరగబడుతుంది, ఒక మనిషి, రెండు పాత్రలు. పాత్ర పేరూ ఆర్టిస్టు పేరూ ఒకే గడిలో గీత గీసి రాస్తే ఏ వెతుకులాటా పనిచేయదు.

తేదీలు కూడా అంతే. కథలో ఏ రోజు, షూటింగ్ ఏ రోజు, టెలికాస్ట్ ఏ రోజు, ఈ మూడూ ఎప్పటికీ ఒకటి కావు. ఫ్లాష్‌బ్యాక్‌లో అయితే కథలోని రోజు వెనక్కి వెళుతుంది.

కంటిన్యుటీ_కల్యాణి
గీత గారు చెప్పిన కథలోని రోజు, మేము స్టోరీ డే అంటాం, నా పనికి ప్రాణం అదే. ఒక ఉదాహరణ. ఆసుపత్రి సీన్ ముందు తీశాం, యాక్సిడెంట్ సీన్ తర్వాత. మధ్యలో వేరే షెడ్యూల్ వచ్చింది. హీరో కట్టు ఏ చేతికి? మేకప్ వాళ్లు కుడి అన్నారు, ఆర్టిస్టు ఎడమ అన్నారు. నా ఫొటోలకి పాత్ర, స్టోరీ డే, సీన్ ఐడీ ట్యాగ్ చేసి ఉన్నాయి. ఫోన్‌లో "డే 37, హీరో" అని వెతికితే ఫొటో వచ్చేసింది. ఎడమ మణికట్టు, కట్టు చివర బొటనవేలి వైపు, గడియారం కుడి చేతికి మారింది. షాట్‌కి ఆలస్యం కాలేదు. అదే షూటింగ్ తేదీ ప్రకారం ఫోల్డర్లు పెట్టుకుని ఉంటే ఆ తేదీ ఏదో ముందు గుర్తు చేసుకోవాలి, తర్వాత ఫొటో.

ఏఐ_ఆనంద్
అందరూ చేత్తో నింపడం గురించే మాట్లాడుతున్నారు. ఇప్పుడు ముఖాలు గుర్తుపట్టే టూల్స్ ఉన్నాయి, మాటని టెక్స్ట్‌గా మార్చేవి ఉన్నాయి. ఫుటేజ్ మొత్తం దానికి ఇచ్చేయండి. "తాళాలు ఇస్తున్న అత్త" అని కొడితే షాట్ వస్తుంది. ఈ గడులూ ఐడీలూ ఇక అవసరం లేదు.

టైమ్‌లైన్_శీను
@ఏఐ_ఆనంద్ తాళాల షాట్ వరకు ఒప్పుకుంటా బ్రో. కానీ ఒకే షాట్‌కి ఏడు టేకులున్నాయి అనుకో, ఏడింటిలోనూ అత్తా ఉంది, తాళాలూ ఉన్నాయి. డైరెక్టర్ గారు "నాలుగోది వాడండి, చూపు బాగుంది" అన్న మాట పిక్సెల్స్‌లో ఎక్కడుంది?

గ్రంథాలయ_గీత
శీను గారి మాటకి తోడు. తెర మీద కనిపించేది, వినిపించేది యంత్రం చెప్పగలదు. ఆమె ఏడుస్తోందా, ఏడుస్తున్నట్టు ఇంట్లోవాళ్లని నమ్మిస్తోందా అన్నది రైటర్‌కే తెలుసు. స్టోరీ డే కూడా ఫ్రేమ్‌లో కనిపించదు. కవల పాత్రల్లో ఎవరో ముఖం చూసి చెప్పడం అసలే కుదరదు.

అలాగని ఆనంద్ గారి మాట తీసిపారేయను. ఏ వివరాలూ లేకుండా పడి ఉన్న పాత డిస్కులకి అదే దారి. డైలాగ్ టెక్స్ట్‌గా మారితే దాన్ని స్క్రిప్టుతో పోల్చి సీన్ ఐడీ ఏదో యంత్రమే సూచించగలదు. కాకపోతే యంత్రం పెట్టిన ట్యాగ్‌కి "ఎవరు నమోదు చేశారు" గడిలో ఆ సంగతి రాయాలి. మనిషి నిర్ధారించిందీ యంత్రం ఊహించిందీ కలిసిపోకూడదు.

ఏఐ_ఆనంద్
కవలల పాయింట్‌కి నా దగ్గర జవాబు లేదు. ఎవరు నమోదు చేశారన్న గడి మంచి ఆలోచన, ఒప్పుకుంటున్నా. కొత్త షూటింగ్‌కి మీ పద్ధతి, పాతదానికి నాది.

కీబోర్డ్_కిరణ్
మ్యూజిక్ వాళ్లని ఎవరూ తలచుకోలేదు. క్యూ షీట్, అంటే ఎపిసోడ్‌లో వాడిన సంగీతం జాబితా, మాకు డబ్బు విషయం. ఏ బిట్, స్వరకర్త ఎవరు, ఎన్ని సెకన్లు, నేపథ్యంలోనా తెర మీదా, ఇవి రాసి ఇవ్వకపోతే రాయల్టీ లెక్క తేలదు. ఎపిసోడ్ చూస్తూ స్టాప్‌వాచ్‌తో రాస్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. బిట్‌కి ఐడీ ఇచ్చి, టైమ్‌లైన్‌లో ఫైల్ పేరు మార్చకుండా వాడితే ఆ షీట్ ఈడీఎల్ నుంచే తీయొచ్చు. శీను గారూ, మా ఫైళ్లని "శాడ్ 2" అని మార్చకండి ప్లీజ్.

టైమ్‌లైన్_శీను
@కీబోర్డ్_కిరణ్ "శాడ్ 2" మా రూమ్‌లో లేదు సార్. "శాడ్ వయొలిన్" ఉంది, తీయిస్తాను.

కోడైరెక్టర్_కోటి
ఇంతమంది చెప్పాక ఐడీ సంగతి ఒప్పుకుంటున్నా. కానీ అసలు ప్రశ్న ఎవరూ అడగట్లేదు. ఇదంతా నింపేది ఎవరు? చిన్న యూనిట్లలో కంటిన్యుటీకి వేరే మనిషే ఉండడు. ఉన్న అసిస్టెంటే క్లాప్ కొట్టాలి, ప్రాంప్టింగ్ చెప్పాలి, ఆర్టిస్టులని పిలవాలి. ఆ కుర్రాడి చేతిలో ట్యాబ్ పెట్టి ఇరవై గడులు నింపమంటే రెండో రోజు అన్నిట్లో "ఓకే ఓకే ఓకే" ఉంటుంది. తప్పు వాడిది కాదు. లాభం వచ్చేది పోస్ట్‌కి, ఆర్కైవ్‌కి. శ్రమ సెట్‌ది. పని పెంచితే మనిషినీ పెంచాలి, జీతమూ పెంచాలి.

గ్రంథాలయ_గీత
కోటి గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను చూసిన పద్ధతులు కూలింది ఇక్కడే, సాఫ్ట్‌వేర్ దగ్గర కాదు. సెట్‌లో నింపేవాళ్లకి ఆ రోజే ఏదో ఒకటి తిరిగి రావాలి. సాయంత్రం డైలీ రిపోర్టు దానంతటది తయారైతే, ఆ అసిస్టెంట్ రాత్రి కూర్చుని రాయాల్సిన కాగితం తప్పితే, మర్నాడు గడులు నిండుతాయి.

సెట్‌లో కొత్తగా అడగాల్సింది మూడే: షాట్, టేక్, ఓకేనా కాదా. ఐడీ, పాత్రలు, కథలోని చోటు, స్టోరీ డే స్క్రిప్టు నుంచి ముందే వచ్చేసి ఉండాలి. తేదీ, కెమెరా, రోల్ యంత్రం ఇస్తుంది. ఒకచోట ఉన్నదాన్ని ఇంకోచోట టైప్ చేయమంటే ఆ పద్ధతి తప్పు.

కంటిన్యుటీ_కల్యాణి
ఇంకా ఒకటి, చోట్ల పేర్లకీ పాత్రల పేర్లకీ జాబితా ఉండాలి, టైప్ చేయనివ్వకూడదు. మా పాత షీట్లలో ఒకే సెట్ "హాలు", "హాల్", "లివింగ్ రూమ్", "పెద్దింటి హాలు" అని ఉంది. నాలుగూ ఒకటేనని మనకి తెలుసు, వెతికే యంత్రానికి తెలియదు. పాత్ర పేరు "శిరీష" ఒకచోట, "సిరీష" ఒకచోట.

ఫ్రెషర్_ఫణి
డెలివరీలో ఇవన్నీ ఎవరైనా అడుగుతారా, లేక మన సంతృప్తి కోసమేనా?

గ్రంథాలయ_గీత
అడుగుతారు. బ్రిటన్‌లో బీబీసీ, ఐటీవీ, చానల్ 4 లాంటివి 2014 అక్టోబర్ 1 నుంచి టేపు బదులు ఫైల్ డెలివరీకి మారాయి. వాళ్లు అడిగే ఏఎస్-11 డీపీపీ అనే ప్రామాణిక డెలివరీ ఫైల్‌లో బొమ్మ, శబ్దంతో పాటు సిరీస్ పేరు, ఎపిసోడ్ నంబర్, ప్రొడక్షన్ నంబర్, సారాంశం, ఏ భాగం ఎక్కడ మొదలై ఎంతసేపు, మెరుపుల వల్ల మూర్ఛ వచ్చే ప్రమాదం లేదని తేల్చే పరీక్ష ఫలితం, ఇవి ఫైల్ లోపలే ఉంటాయి. వివరాలు లేకపోతే ఫైల్ అసంపూర్ణమే.

వెర్షన్ల సంగతి కూడా చూడండి. బీబీసీ కార్యక్రమాల నమూనాలో బ్రాండ్, సిరీస్, ఎపిసోడ్, వెర్షన్ అని నాలుగు అంచెలు. ఎపిసోడ్ ఒక్కటే, దానికి పూర్తి నిడివి వెర్షన్, కుదించిన రిపీట్ వెర్షన్, ఇంకో భాషలో డబ్ అయిన వెర్షన్. ఐఎంఎఫ్ అనే డెలివరీ పద్ధతిలో అయితే బొమ్మ మళ్లీ కాపీ చేయకుండా, ఏ ముక్క తర్వాత ఏదో చెప్పే ప్లేలిస్టు ఫైల్ ఒకటి వెర్షన్‌కి కొత్తగా రాస్తే చాలు. శీను గారి "ఫైనల్ న్యూ ఓకే" బాధకి మందు అది. వెర్షన్‌ని ఫోల్డర్ పేరుతో చెప్పకండి, గడితో చెప్పండి.

పోస్ట్‌ప్రొడక్షన్_పద్మ
ఇన్ని జవాబులొస్తాయని అనుకోలేదు. అందరూ చెప్పినవి పట్టుకెళ్లి మా ప్రొడ్యూసర్ గారి ముందు పెట్టాను. కోటి గారి మాట ముందు చెప్పాను, మనిషి కావాలని. వచ్చే షెడ్యూల్ నుంచి సెట్‌లో లాగింగ్‌కి ఒకరిని వేస్తున్నారు, క్లాప్ పని ఆయనది కాదు. సీన్ పేపర్‌లో ఐడీ కాలమ్ పెట్టాం. పాత్రలు, సెట్ల జాబితా కల్యాణి గారు చెప్పినట్టే తయారవుతోంది. మా రైటర్ గారికి "ఎవరికి ఏం తెలిసింది" గడి చూపించగానే ఆయనే రెండు పాత కథా ట్రాక్‌లకి నింపేశారు.

తాళాల వైడ్ దొరికింది. బాలు గారు చెప్పాక సౌండ్ ఫైళ్ల నోట్స్‌లో వెతికితే "వైడ్, తాళాల చప్పుడు ఎక్కువ" అని మా రికార్డిస్ట్ రాసిపెట్టారు. ఆ తేదీ, టైమ్‌కోడ్ పట్టుకుని కెమెరా రోల్‌కి వెళ్లాం.

మిగిలింది ఒక్కటి. లాగింగ్ షీట్‌లో ఉన్న సీన్ ఐడీని ఎడిట్ బిన్‌లోని క్లిప్‌లకి ఎక్కించడం ఎలా? చేత్తో పేస్ట్ చేయాలా?

బూమ్_బాలు
ఆ రికార్డిస్ట్‌కి నా తరఫున ఒక టీ 🙏

డీఐటీ_దాసు
@పోస్ట్‌ప్రొడక్షన్_పద్మ చేత్తో వద్దు. మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎవిడ్ అయితే షీట్‌ని ఏఎల్‌ఈగా మార్చండి. అది ట్యాబ్‌లతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్, పైన హెడింగ్, తర్వాత కాలమ్ పేర్లు, తర్వాత డేటా. అందులో సీన్ ఐడీ అని మీ సొంత కాలమ్ పెట్టుకోవచ్చు. ఇంపోర్ట్ సెట్టింగుల్లో ముందే ఉన్న క్లిప్‌లతో కలపమనే ఆప్షన్ ఎంచుకోండి, లేకపోతే కొత్త క్లిప్‌లు పుట్టుకొస్తాయి. రిజాల్వ్ అయితే సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్) చాలు, మీడియా పూల్‌లోకి మెటాడేటా ఇంపోర్ట్ చేసేటప్పుడు ఫైల్ పేరు, టైమ్‌కోడ్ రెండింటితో జత చూడమని టిక్ పెట్టండి. దేనికైనా ముందు బిన్‌కి ఒక కాపీ తీసుకుని, ఒక్క రోల్‌తో చేసి చూడండి.

పోస్ట్‌ప్రొడక్షన్_పద్మ
ఒక్క రోల్‌తో చేశాను దాసు గారూ, ఐడీలు ఎక్కాయి. రెండు క్లిప్‌లకి మాత్రం రాలేదు, షీట్‌లో రోల్ పేరు చివర ఒక ఖాళీ స్పేస్ ఉంది.

డీఐటీ_దాసు
ఆ గడికి కూడా డ్రాప్‌డౌన్ పెట్టేయండి.